చూసేవాళ్ళకూ పని ఉన్న కళ

2008 చివర బ్రిటన్‌లో ఊల్‌వర్త్స్ కంపెనీ కుప్పకూలింది. ఎనిమిది వందలకు పైగా దుకాణాలు 2009 జనవరి మొదటి వారానికల్లా మూతపడ్డాయి. ఊరి నడిబొడ్డున, తరాలుగా జనం మసలిన చోట షట్టర్లు దిగిపోతే వీధి వీధంతా పాడుబడుతుందని అక్కడి ప్రభుత్వానికి భయం పట్టుకుంది. ఆ ఏడాదే 30 లక్షల పౌండ్లు తీసి స్థానిక సంస్థలకు పంచి, ఖాళీ దుకాణాలను కొన్నాళ్ళపాటు కళాకారులకూ ఇరుగుపొరుగు సంఘాలకూ ఇప్పించమంది. అంతకు కొద్దిగా ముందే, 2008లో, ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ పట్నంలో మార్కస్ వెస్ట్‌బరీ అనే రచయిత ‘రెన్యూ న్యూకాజిల్’ పేరుతో ఇదే పని మొదలుపెట్టాడు. 2010 భూకంపం తర్వాత న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో కూలిన భవనాల జాగాల్లో ‘గ్యాప్ ఫిల్లర్’ బృందం ఆటపాటలు పెట్టింది. ఇప్పుడీ ఆలోచన మన ఊళ్ళలోనూ వినబడుతోంది. విజయవాడలో టులెట్ బోర్డు వేలాడుతున్న దుకాణాలను చూసి, వీటిలో పదిమందీ కలిసి బొమ్మలు వేస్తే, నాటకాలాడితే బాగుంటుంది కదా అంటున్నారు. బాగానే ఉంటుంది. కానీ ఆ మాట రాగానే అందరూ అడిగేది జాగా ఎవరిస్తారని. కృష్ణా డెల్టా చరిత్రను కాస్త తిరగేస్తే ఈ ప్రశ్న వెనక్కి పోతుంది. ఇక్కడ కళకు జాగా కరువు ఎన్నడూ లేదు. చూడవచ్చినవాళ్ళకు ఆ ఆటలో తమదంటూ ఒక పని ఉన్నంతకాలం ఏ ఖాళీ జాగా అయినా రంగస్థలమైంది. ఆ పని పోయాక ఎంత మంచి హాలు కట్టినా వచ్చినవాళ్ళు టిక్కెట్టు కొని కూర్చున్నవాళ్ళుగానే మిగిలారు.

డెల్టాలో ఖాళీ ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు చూడాలి. గుంటూరు సీమను తుడిచిపెట్టిన 1832-33 కరువు తర్వాత రెండు దశాబ్దాలకు, 1852లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట మొదలై 1855లో పూర్తయింది. అటు బందరు వైపూ ఇటు తెనాలి వైపూ కాలువలు పారాయి. వరి ఇక్కడి బతుక్కు పంచాంగమైంది. తొలకరికి నారుమళ్ళు, వానాకాలంలో నాట్లు, మార్గశిర పుష్యాల్లో కోతలు, కుప్పలు, నూర్పిళ్ళు. నూర్పిడి జరిగే కళ్ళాన్ని చదును చేసి, నీళ్ళు చల్లి, పేడతో అలికి, గింజ మట్టిలో కలవకుండా ఇంటి నేలంత గట్టిగా తయారుచేసేవారు. కోతకు ముందే వరిలో మినుమో పెసరో చల్లేస్తారు గనక డెల్టా చేను పూర్తిగా పడావు పడేది తక్కువ. కళ్ళం మాత్రం ధాన్యం ఇల్లు చేరాక ఏరువాక దాకా ఊరికే ఉంటుంది. ఎండాకాలం కాలువలు కట్టేస్తే పడవలు ఆగిపోయేవి. గాదెలో గింజ ఉంటుంది, చేతిలో నాలుగు డబ్బులుంటాయి. శ్రీరామనవమి, తిరునాళ్ళు, పెళ్ళిళ్ళు అన్నీ ఈ నెలల్లోనే. ఊరి నడుమ రచ్చబండ, గుడి ముందరి మైదానం, చెరువుగట్టు, కళ్ళం, వీటికి సొంతదారు ఎవరైనా కావచ్చు, ఈ నాలుగు నెలలూ వాటిలో పదిమందీ చేరడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తొలకరి పడగానే ఎవరి జాగా వాళ్ళది. ఈ గడువు ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అలాంటి జాగాలో వీధి భాగవతం ఎలా మొదలయ్యేదో దగ్గరగా చూస్తే అసలు విషయం తెలుస్తుంది. మొవ్వ పక్కనున్న కూచిపూడి నుంచి మేళాలు ఊరూరా తిరగడం పాత సంగతే. సిద్ధవటం పాలకుడి అకృత్యాలను విజయనగరం రాజు వీర నరసింహరాయల ముందు ఆడి చూపినవాళ్ళు కూచిపూడి భాగవతులేనని మాచుపల్లి ఊరి చరిత్ర రాసిన కైఫీయతు చెబుతుంది. మేళం ఊళ్ళోకి వస్తే బస, భోజనం ఊరివాళ్ళవే. రాత్రి ఆటకు వేదిక లేదు, దీపాల ఏర్పాటు లేదు. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకున్న గుడ్డ తెర. రెండు పక్కలా దివిటీలు. వేషం తెర వెనక్కి రాగానే దివిటీ పట్టినవాడు గుప్పెడు గుగ్గిలం పొడి మంటలో కొడతాడు. భగ్గుమని వెలుగు లేస్తుంది, ఆ వెలుగులో తెర దిగుతుంది, వేషం ప్రవేశిస్తుంది. ఆ క్షణం కుదరాలంటే దివిటీవాడికి ఆట తెలిసుండాలి. ఏ దరువు తర్వాత ఏ వేషం వస్తుందో, ఏ వేషానికి ఎంత మంట లేపాలో వాడికి కంఠతా రావాలి. భామాకలాపంలో సత్యభామ వేషధారి తెర మీదుగా తన జడను ఇవతలికి వేసేవాడు. విద్యలో నన్ను గెలవగలవాళ్ళుంటే ముందుకొచ్చి ఈ జడ కోయవచ్చునని సభకు సవాలది. అంటే కూర్చున్న పండితుడికీ పని ఉంది, నిలబడ్డ దివిటీవాడికీ పని ఉంది, తెర పట్టుకున్న కుర్రాళ్ళకూ ఉంది. తెల్లవార్లూ వేల కళ్ళు నిద్రపోకుండా ఉండడం కేవలం కథ గొప్పదనం వల్లనే అనుకుంటే, అప్పటికే అందరికీ తెలిసిన పారిజాతం కథను మళ్ళీ మళ్ళీ ఎందుకు చూశారో చెప్పలేం.

ఇంటి ముందుకొచ్చే కళల్లోనూ ఇదే తీరు. ధనుర్మాసమంతా ఆడవాళ్ళు వాకిట్లో ముగ్గులు పెట్టి, గొబ్బెమ్మలుంచి, వాటి చుట్టూ పాడతారు. ఇందులో వేసేవాళ్ళూ చూసేవాళ్ళూ వేరు కాదు. పొరుగింటి ముగ్గు చూసి రాత్రికి చుక్కల లెక్క నేర్చుకుని పొద్దున తన వాకిట్లో ఇంకో వరస పెంచి వేసే పిల్లకు దాన్ని కళ అని ఎవరూ చెప్పనక్కర్లేదు. హరికథకుడు మధ్యమధ్యలో జనం చేత గోవింద కొట్టిస్తాడు. అది నిద్ర వదిలించడానికి వేసిన ఎత్తూ అవును, కథలో జనానికిచ్చిన వాటా కూడా.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయడానికి వీల్లేదు. ఆ దివిటీ పట్టిన మనిషి సరదా కొద్దీ పట్టలేదు. ఊరి చాకలి కాబట్టి పట్టాడు. కాదనే హక్కు అతనికి లేదు. కూచిపూడి మేళంలో ఆడవాళ్ళ వేషాలు కూడా మగవాళ్ళే, అదీ కొన్ని బ్రాహ్మణ కుటుంబాలవాళ్ళే కట్టారు. నాట్యం బతికించిన కళావంతుల ఇళ్ళ స్త్రీలను మర్యాదస్తుల లోకం వెలివేసింది, 1947 నాటి మద్రాసు చట్టం తర్వాత వాళ్ళ గుడి నాట్యమూ ఆగిపోయింది. మాలపల్లె, మాదిగపల్లె జనం ఊరి నడుమ జరిగే ఆటను దూరం నుంచి చూడాల్సి వచ్చేది. కనక పాత పల్లెలో కళ అందరిదీ అనే మాట సగం అబద్ధం. పని అందరికీ ఉంది, కానీ ఎవరి పని ఏమిటో పుట్టుకే తేల్చేసింది. ఈ అభ్యంతరాన్ని ఒప్పుకుంటూనే ఒక మాట అంటాను: తప్పు పని ఉండడంలో లేదు, ఆ పనిని ఎంచుకునే వీలు లేకపోవడంలో ఉంది. ఈ రెంటినీ విడదీయవచ్చా, కులం అంటగట్టిన పనిని ఇష్టంతో ఎత్తుకునే పనిగా మార్చవచ్చా అన్నది డెల్టా తర్వాతి వందేళ్ళ చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించే ప్రశ్న.

మొదట వచ్చిన జవాబు హాలు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో మైలవరం జమీందారు పోషణలో బాలభారతీ నాటక సమాజం, బందరులో, బెజవాడలో, ఏలూరులో మరెన్నో సమాజాలు వెలిశాయి. తెర ఎగిరే వేదిక, హార్మోనియం, టిక్కెట్టు, కుర్చీ తరగతి, బెంచీ తరగతి, నేల తరగతి వచ్చాయి. ఇది చిన్న మార్పేమీ కాదు, చులకన చేయదగ్గదీ కాదు. డబ్బిస్తే ఏ కులంవాడైనా లోపలికి రావచ్చన్నది పల్లె ఇవ్వని స్వేచ్ఛ. కానీ దానికి బదులుగా చూసేవాడి పని అణాలు చెల్లించడానికి కుదించుకుపోయింది. పూర్తిగా కుదించుకుపోలేదు, నిజమే. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు నాగలి పట్టినవాడికీ నోటికి వచ్చు. అందుకే రాగం విరిగితే ఈల వేశారు, బాగా పాడితే ‘వన్స్‌మోర్’ అన్నారు, నటుడు రాయబారం మధ్యలో ఆగి అదే పద్యం మళ్ళీ పాడాడు. ఆట నడకను సభ మార్చగలిగిన ఆఖరి రూపం పద్యనాటకమే కావచ్చు. 1921లో పోతిన శ్రీనివాసరావు బెజవాడలో మారుతి సినిమా హాలు తెరిచాడు. ఆంధ్ర దేశంలో శాశ్వతమైన తొలి సినిమాహాలు అది. గాంధీనగరం వీధుల్లో ఆ తర్వాత ఒకదాని పక్కన ఒకటి హాళ్ళు లేచాయి. బెజవాడ సినిమా పంపిణీకి రాజధాని అయింది. తెర మీద బొమ్మకు వన్స్‌మోర్ చెప్పి లాభం లేదు. సినిమా కళను చంపిందనడం నాకు ఇష్టం లేదు, అది తన కళను తాను తెచ్చుకుంది. చూసేవాడి చేతిలో మిగిలిన ఆ కాస్త పనిని మాత్రం తీసేసుకుంది.

ఇదే బెజవాడలో అదే కాలంలో మరో పని సాగింది. అద్దె గదుల్లో, అరుగుల మీద, ఇంటి ముందరి సావడిలో గ్రంథాలయాలు పుట్టాయి. 1911లో రామమోహన గ్రంథాలయం మొదలైంది. 1914 ఏప్రిల్‌లో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ బెజవాడలోనే జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య ఊరూరా తిరిగి ఈ పనికి మనుషుల్ని కూడగట్టాడు. 1935లో పాతూరి నాగభూషణం కాలువ మీద ప్రయాణికుల పడవలో పుస్తకాల పెట్టె పెట్టించాడు. కాలువ పొడుగునా ప్రయాణం చేసే రైతు, కూలి, కూరగాయల బేరగత్తె దారి పొడుగునా చదివారు, లేదా చదవగా విన్నారు. దీన్ని కళ అని నేను అనను. కానీ మన చర్చకు ఇది అక్కరకొచ్చే సాక్ష్యం. ఆ గ్రంథాలయాలు భవనాలుగా పుట్టలేదు. ఒకడు పత్రిక తెప్పిస్తాడు, ఒకడు దీపానికి నూనె పోస్తాడు, చదువొచ్చినవాడు రాని పదిమందికి చదివి వినిపిస్తాడు. గదికి అద్దె కట్టడం ఆ పనుల్లో ఒకటి మాత్రమే. పట్నపు అద్దె గదిలో కూడా, పుట్టుకతో సంబంధం లేకుండా, వచ్చిన ప్రతివాడికీ ఒక పని అప్పజెప్పవచ్చని మొదట చూపించినవాళ్ళు వీళ్ళే.

దాన్ని కళలోకి తెచ్చింది ప్రజానాట్యమండలి. 1943 మేలో బొంబాయిలో ఇప్టా అనే ప్రజా నాటక సంఘం ఏర్పడింది, అదే ఏడాది ఆంధ్రలో ప్రజానాట్యమండలి విజయవాడ కేంద్రంగా పని మొదలుపెట్టింది. డాక్టర్ గరికపాటి రాజారావు దాని వెన్నెముక. బెంగాల్ కరువు బాధితులకు చందాలు పోగు చేయడం దాని తొలి పనుల్లో ఒకటి. హాలు అద్దెకు తీసుకునే డబ్బు లేదు. ఉన్నా, తాము కలవదలచిన కూలీ జనం హాలుకు రారు. అందుకని వాళ్ళు జంగం కథను ఎత్తుకున్నారు. ఊరూరా తిరిగే జంగాల పాత కథారూపమది, దాన్నే బుర్రకథగా తీర్చారు. ముగ్గురు మనుషులు చాలు. నడుమ కథకుడు, భుజాన తంబురా, బొటనవేలికి గలగలలాడే అందె. రెండు పక్కలా గుమ్మెటలు పట్టుకున్న వంతలు. ఒకడు హాస్యం చెబుతాడు, ఇంకొకడు రాజకీయం చెబుతాడు. కథకుడు అడుగు ముందుకూ వెనక్కూ వేస్తూ చరణం అందుకుంటే వంతలు తందాన అంటూ పల్లవి అందుకుంటారు. ఈ వంతల్లోనే కిటుకంతా ఉంది. వాళ్ళు కథలో పాత్రలు కారు, పూర్తిగా గాయకులూ కారు. సభలో కూర్చున్నవాడు అడగవలసిన ప్రశ్నను వాళ్ళడుగుతారు. ఊళ్ళో ఆ వారం జరిగిన గొడవ, ధాన్యం ధర, కరణం చేసిన నిర్వాకం వాళ్ళ నోట కథలోకి దూరతాయి. సామాన్యుడికి కథ నడుమ మాట్లాడే చోటు కల్పించిన రూపమది.

ఆ రూపానికి మొనగాడు షేక్ నాజర్, గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన దూదేకుల ఇంటి బిడ్డ. తన జీవిత కథకు ‘పింజారి’ అనే పేరే పెట్టుకున్నాడు. శైవ జంగాల కథారూపంలో ఒక ముస్లిం పల్నాటి యుద్ధం చెబుతుంటే కులాల పేర్లు మరిచి వేల మంది విన్నారు. పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ పాటలు పాడింది, వేషాలు కట్టింది. మోటూరి ఉదయం వంటి స్త్రీలు బుర్రకథ దళం కట్టి, మగవాళ్ళకే సొంతమైన తంబురా భుజాన వేసుకున్నారు. ‘పరువైన’ ఇళ్ళ ఆడవాళ్ళు బహిరంగంగా ఆడిపాడడం ఆ రోజుల్లో ఎంత సాహసమో కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ చదివితే తెలుస్తుంది. భాగవతంలో పని కులం చొప్పున పంచి ఉంటే, ఇక్కడ ముందుకొచ్చినవాళ్ళకు పని దొరికింది. పైన అడిగిన ప్రశ్నకు ఇది జవాబు: విడదీయవచ్చు. డెల్టాలో విడదీశారు.

1947లో కృష్ణా జిల్లా రచయితలు సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి ‘మా భూమి’ నాటకం రాశారు. అంతకు ముందు వాళ్ళే ‘ముందడుగు’ రాశారు. ‘మా భూమి’కి నైజాంలో రైతుల పోరాటం ఇతివృత్తం. అది ఒక్క బృందం నాటకంగా ఉండిపోలేదు. పుస్తకం అచ్చయి అమ్ముడుపోయింది, నూటికి పైగా దళాలు దాన్ని ఆడాయి. అన్నీ ఆరితేరిన నటుల దళాలు కావు. రైతు కుర్రాళ్ళు, బడిపంతుళ్ళు, కూలీలు రాత్రిపూట లాంతరు ముందు సంభాషణలు వల్లెవేసి, ఊళ్ళో దొరికిన బల్లలూ చాపలూ పోగేసి ఆడారు. గడీ దొర వేషానికి కోటు ఎవరిదో అడిగి తెచ్చేవారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చీరలిస్తే అవి తెరలయ్యేవి. ఇలాంటి పనులు చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కవు గానీ నాటకం ఊరిదయ్యేది వాటితోనే. 1948లో మద్రాసు ప్రభుత్వం నాటకాన్ని నిషేధించింది. తాళం వేద్దామంటే దానికి హాలంటూ లేదు. రద్దు చేద్దామంటే లైసెన్సు లేదు. అందుకే పుస్తకం మీద, మనుషుల మీద పడాల్సి వచ్చింది. ఆ కళ ఎక్కడ నివసించిందో పోలీసులకు సరిగ్గానే అర్థమైంది.

ఇదంతా పార్టీ ప్రచారం కదా, దీన్ని జనం కళ అనడమేమిటని అడిగేవాళ్ళున్నారు. అడగదగ్గ మాటే. ప్రజానాట్యమండలి కమ్యూనిస్టు పార్టీ నీడలో పెరిగింది. పార్టీ ఆ నెల ఏ నినాదమిస్తే ఆ నినాదానికి పాట కట్టిన సందర్భాలున్నాయి, ఆ పాటలు చాలావరకు ఆ నెలతోనే పోయాయి కూడా. ఏం చెప్పాలన్నది చాలాసార్లు పైనుంచే వచ్చింది. జనానికి దక్కింది ఎలా చెప్పాలన్నదే. ఇది లోపమే. కానీ ప్రచారం ఒక్కటే దాని బలమైతే, అదే రూపంలో వేరేవాళ్ళు చేసిన ప్రచారమూ అంతే పట్టాలి. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వాలు బుర్రకథను చేపట్టి కుటుంబ నియంత్రణకూ, చిన్న మొత్తాల పొదుపుకూ, ఎరువుల వాడకానికీ వాడుకున్నాయి. అదే తంబురా, అదే తందాన. కళాకారులకు కాస్త కూలి దొరికింది, అది మంచిదే. ఊరివాళ్ళకు మాత్రం అందులో విని వెళ్ళిపోవడం తప్ప చేయడానికి ఏమీ లేదు. వంత అడగవలసిన ప్రశ్నలు కూడా ఆఫీసులోనే రాసి వచ్చాయి. రెంటిలోనూ ప్రచారం ఉంది, ఒకదానికి ఎన్నో ఊళ్ళు దళాలు కట్టుకున్నాయి, రెండోదానికి ఏ ఊరూ కట్టుకోలేదు.

ఇంకొక అభ్యంతరం పట్నాన్ని గురించి. పల్లెలో అందరూ అందరికీ తెలుసు, విజయవాడ బీసెంట్ రోడ్డులో నడిచేవాళ్ళు ఒకరికొకరు ఎవరూ కారు, అక్కడ ఎవరికి పని అప్పజెబుతారు అంటారు. అలా అనేవాళ్ళు విజయవాడ శ్రీరామనవమి పందిళ్ళను మరిచిపోతున్నారు. వీధివాళ్ళు చందాలు వేసుకుని తాటాకు పందిరి వేస్తారు. ఒకరు పానకం కలుపుతారు, ఒకరు వడపప్పు నానబెడతారు, పిల్లలు రంగు కాగితాలు అంటిస్తారు. పగలంతా బేరాలు సాగిన బజారులో దుకాణాలు కట్టేశాక, ఆ మూసిన తలుపుల ముందరి రోడ్డు మీదే హరికథో బుర్రకథో పద్యనాటకమో తెల్లవార్లూ నడిచేది. మూసిన దుకాణం ముందు పదిమందీ కలిసి చేసుకునే కళ విజయవాడకు విదేశాల నుంచి రానక్కర్లేదు, పక్క వీధి జ్ఞాపకాల్లో ఉంది. అక్కడ చేరినవాళ్ళంతా ఒకరికొకరు చుట్టాలేం కాదు. రైలు జంక్షను ఊరు, ఎక్కడెక్కడి నుంచో వచ్చి బతుకుతున్న ఊరు. పందిరి పనే వాళ్ళను ఆ వీధివాళ్ళను చేసింది. ఇప్పుడా పందిళ్ళు టెంటుహౌస్ వాళ్ళకు గుత్తకు వెళ్ళాయి, కథకు బదులు సౌండ్ బాక్సులు వచ్చాయి. చందా మిగిలింది, పని పోయింది.

గోడల మీదా ఇదే జరిగింది. 2016 కృష్ణా పుష్కరాలకు, ఆ తర్వాత స్వచ్ఛ సర్వేక్షణ్ పోటీలకు విజయవాడ గోడలకు రంగులు వేయించారు. వేసినవాళ్ళలో నైపుణ్యం ఉన్నవాళ్ళున్నారు, నాసిగా ఉన్న గోడకంటే బొమ్మ ఉన్న గోడ మేలే. అయితే ఆ గోడ పక్క ఇంటివాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు, కుంచె పట్టుకోమనలేదు. అందుకే రంగు వెలిసినా, పైన పోస్టరు పడినా వాళ్ళకు పట్టలేదు. ఖాళీ దుకాణాల విషయంలోనూ ఇదే జరుగుతుందని నా భయం. ఒక కళాకారుడికి గది ఇస్తారు, రిబ్బను కత్తిరిస్తారు, గాజు తలుపుల వెనక బొమ్మలు వేలాడతాయి, రోడ్డు మీదివాళ్ళు బయటి నుంచి చూసి వెళ్ళిపోతారు. దుకాణం నిండుతుంది గానీ వీధి చేరదు.

యజమాని భయం కూడా న్యాయమైనదే. 2014 తర్వాత రాజధాని ఆశతో విజయవాడలో అద్దెలు ఎంత ఎగిశాయో అందరూ చూశారు. ఒకసారి ఊరికే లోపలికి రానిస్తే మళ్ళీ ఖాళీ చేయరేమోనన్న అనుమానం ఏ ఇంటాయనకైనా ఉంటుంది. దీనికి న్యూకాజిల్ వాళ్ళు కనిపెట్టిన ఉపాయం మనకు కొత్త కాదు. వాళ్ళు కౌలు రాయలేదు, ముప్పై రోజులకొకసారి కొనసాగే అనుమతి మాత్రమే తీసుకున్నారు. అద్దెకు మనిషి దొరికాడంటే ఆ గడువులో లేచిపోవాల్సి ఉండేది. కళ్ళానికి ఏరువాక ఎలాంటి గడువో ఇదీ అలాంటిదే. లేచిపోవాల్సి వస్తుందని ముందే తెలిసినప్పుడు ఎవరూ గోడలకు కట్టుబడే కళ చేయరు. భుజాన వేసుకుని పక్క దుకాణానికి నడిచిపోగల కళ చేస్తారు. డెల్టాలో పుట్టిన ప్రతి రూపమూ అలాంటిదే కావడం ఊరికే జరగలేదు.

ఇక పని ఏమిటన్నది మిగిలింది. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక ఖాళీ బట్టల దుకాణం దొరికిందనుకుందాం. కొంత దూరంలో పెడన ఉంది. అక్కడ కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద టేకు అచ్చులతో కలంకారీ అద్దుతారు. కరక్కాయ పట్టిన గుడ్డకు ఇనుము, బెల్లం ఊరిన నీళ్ళు తగిలితే నలుపు, పటిక తగిలిన చోట రంగు నీళ్ళలో ఉడికాక ఎరుపు. అచ్చు చెక్కడం ఏళ్ళ తరబడి చేయి తిరిగితే గానీ రాదు. అద్దడం మాత్రం ఒక పూటలో ఎవరికైనా కాస్త పట్టుబడుతుంది, వంకరగా పడ్డా అది వాళ్ళ చేతిదే. ఆ దుకాణంలో పెడన పనివాడు గురువుగా కూర్చోవాలి, ఆయనకు రోజుకూలి కాదు, గురువుకిచ్చే సంభావన ఇవ్వాలి. సమష్టి కళ పేరుతో పనిమంతుడి శ్రమను ఉచితంగా లాక్కుంటే దివిటీ పట్టించిన పాత ఊరికీ మనకూ తేడా ఉండదు. పక్క కొట్టు గుమాస్తా, మార్కెట్టులో మూటలు మోసే మనిషి, బడి వదిలాక వచ్చే పిల్లలు ఒక పొడుగాటి గుడ్డ మీద తలా ఒక జానెడు అద్దాలి. ఏ బొమ్మ, ఏ వరస అన్నది వాళ్ళూ గురువూ తేల్చుకోవాలి. నిర్వాహకులు తేల్చకూడదు. పూర్తయిన గుడ్డ ఎవరికి చెందుతుందో, అమ్మితే డబ్బు ఎవరికో మొదటి రోజే ఆ వీధిలోనే మాట్లాడుకోవాలి. యజమానితో రాసుకునే కాగితంలో ఆ వీధి దుకాణదారులూ హమాలీలూ ఎంచుకున్న ఇద్దరి పేర్లుండాలి, దుకాణం తాళంచెవి కార్పొరేషన్ దగ్గరా, కళాకారుడి దగ్గరా కాకుండా వాళ్ళ దగ్గర ఉండాలి.